పెరడు చూశాకే పొయ్యి వెలిగించు

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కబురంతా చదివాను. పాదుల మీద బీరకాయలు ముదిరిపోతున్నాయనీ, ఫ్రిజ్ నిండా చిన్న చిన్న గిన్నెలేననీ, అయినా రాత్రి ఎనిమిదయ్యేసరికి ఏం వండాలో తోచక ఫోన్‌లో ఏదో ఒకటి తెప్పించుకుంటున్నామనీ రాశావు. నీకు వంట రాక కాదు తల్లీ. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు మొదలుపెడుతున్నావు ఆలోచించడం. ఆ వేళకి ఎవరికైనా ఓపిక ఉండదు. రాత్రి వంట సంగతి పొద్దున్నే తేలిపోవాలి.

పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళు. ఆకులు పైకెత్తి చూడు, బీరకాయలు ఆకుల కిందే దాక్కుంటాయి. బెండకాయ కొన వంచితే పుటుక్కున విరగాలి, వంగిందంటే పీచు పట్టినట్టే. ఆనపకాయకి గోరు గుచ్చితే దిగాలి. బెండ, బీర రెండు రోజులకోసారైనా కోస్తూ ఉండు. కాయ ముదిరేదాకా ఉంచితే చెట్టు తన బలమంతా గింజకే పెట్టి, కొత్త పిందె వెయ్యడం తగ్గిస్తుంది. కోసినవి వంటింట్లో పెట్టి, అప్పుడు ఫ్రిజ్ తెరిచి నిన్నటిది ఏం మిగిలిందో చూడు. ఈ రెండూ చూశాక రాత్రికి ఏమిటో దానంతటదే తేలుతుంది. వంటల పట్టిక రాసి గోడకి అంటించకు, పెరడు పట్టిక ప్రకారం కాయదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఎప్పుడూ మరవకు. ఆనపకాయ, బీరకాయ, దోసకాయ ఏదైనా సరే, తరిగే ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టుకో. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్. ఉడికిస్తే పోతుందిలే అనుకోకు, ఆ చేదులో ఉండే విషం వేడికి పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్ళాల్సి రావచ్చు. పిల్లలున్న ఇల్లు.

ఇప్పుడు నేను రాసేదీ పట్టిక కాదు, ఒక వారం ఎలా నడుపుకోవచ్చో చూపిస్తున్నానంతే. నువ్వు వారాన్ని ఆదివారంతో మొదలుపెట్టు. ఆ రోజు మీ ఆయన ఇంట్లోనే ఉంటాడు, పిల్లలుంటారు, తరగడానికి చేతులు దొరుకుతాయి. ఫ్రిజ్‌లో ఒకటీ అరా మిగిలిన కూరగాయలన్నీ బయటికి తియ్యి. అర ముక్క ఆనపకాయ, రెండు మునక్కాడలు, ఓ చిలగడదుంప, గుమ్మడి చెక్క, నాలుగు బెండకాయలు, ఒక వంకాయ. ఒక్కోటీ విడిగా చూస్తే దేనికీ చాలవు. కలిపితే దప్పళం. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పులుసు తీసి పెట్టుకో. గట్టి ముక్కలు ముందు ఉడకాలి, ఆనప, వంకాయ తరవాత. బెండకాయ మాత్రం కాస్త నూనెలో వేయించి ఆఖర్న వెయ్యి, లేకపోతే జిగురొస్తుంది. ముక్క మెత్తబడ్డాకే పులుసు పొయ్యి, ముందే పోస్తే పులుపుకి ముక్క బిర్రబిగుసుకుపోతుంది. పసుపు, కారం, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, చివర్న చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. పోపులో మెంతులు, ఇంగువ మరవకు. ఇక దాని పక్కన ముద్దపప్పు తప్ప ఇంకోటి పనికిరాదు. పప్పు మాత్రం మామూలుగా వేసే గ్లాసుకి బదులు గ్లాసున్నర వెయ్యి. ఎందుకో సోమవారం తెలుస్తుంది.

సోమవారం రాత్రికి ఆ మిగిలిన పప్పు పలచగా చేసి పప్పుచారు పెట్టు. పదిహేను నిమిషాల పని. ఆదివారం దప్పళం మిగిలిందా, అది మర్నాటికి ఇంకా రుచి తేలుతుంది. నువ్వు క్యారేజీలో పట్టుకెళ్ళు, రాత్రి దాకా ఉంచకు. పప్పుచారు పక్కకి బీరకాయ కూర, బీర తొక్కు పచ్చడి. ఈ పచ్చడి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నువ్వు తొక్కంతా చెత్తబుట్టలో వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. బీరకాయ మీది గట్టి ఈనెలు ముందు చెక్కేసి పారెయ్, అవి నమలబడవు. ఆ తరవాత తొక్క తీసి, కడిగి, సన్నగా తరిగి, రెండు చెంచాల నూనెలో మూత పెట్టకుండా వేయించు. ముందు ఆకుపచ్చగా మెరుస్తుంది, తరవాత నీరు ఊరుతుంది, ఆ నీరంతా ఇగిరి తొక్క ముడుచుకుని అంచులు ఎర్రబడేదాకా కదుపుతూనే ఉండు. పచ్చివాసన పోయిందని ముక్కుకే తెలుస్తుంది. విడిగా మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, జీలకర్ర వేయించి, చింతపండు, ఉప్పు వేసి ముందు వాటిని నూరు. ఆఖర్న తొక్క వేసి రెండు తిప్పులు, అంతే. మెత్తగా రుబ్బేస్తే పచ్చడి కాదు, లేహ్యం అవుతుంది. రోలుంటే మరీ మంచిది. పొడి చెంచాతో తీసుకుంటే ఫ్రిజ్‌లో మూడు రోజులు బావుంటుంది. ఆనపకాయ తొక్కకీ ఇదే పద్ధతి.

మంగళవారం గోంగూర పప్పు పెట్టు. ఆకు పప్పుతో కలిపి కుక్కరులో పడెయ్యకు, ఆ పులుపుకి పప్పు ఉడకదు. ఆకు విడిగా మగ్గబెట్టి, ఉడికిన పప్పులో కలుపు. అల్యూమినియం మూకుడులో మగ్గబెట్టకు, స్టీలుదే వాడు. సోమవారం తొక్కు పచ్చడి ఉంటుంది కాబట్టి ఆ పూటకి ఇంకేమీ వద్దు. ఓ నాలుగు వడియాలు వేయించు చాలు.

బుధవారానికి తోటకూర కోసి ఉంచు. ఆకు వేపుడుకి, లేత కాడలు పులుసుకి. కాడలకి పైన పొర లాగేస్తే పీచు పోతుంది.

గురువారం సంగతి అన్నం గురించి. మధ్యాహ్నం మీ అత్తగారు వండిన అన్నం మిగులుతుందనీ, రాత్రికి అది పిల్లలు ముట్టరనీ రాశావు. పిల్లల్ని తప్పు పట్టకు. మిగిలినదాన్ని మిగిలినట్టే వడ్డిస్తే ఎవరికీ సహించదు, పెద్దవాళ్ళం మాట్లాడకుండా తింటామంతే. దాన్ని నిమ్మకాయ పులిహోర చెయ్యి. చల్లారి పొడిపొడిగా ఉన్న అన్నమే పులిహోరకి కుదురుతుంది, వేడన్నం ముద్దయిపోతుంది. అయితే అన్నం గిన్నె పొద్దుగూకేదాకా గట్టు మీద ఉంచవద్దని అత్తగారికి మెల్లిగా చెప్పు. వండాక ఆవిరి పోగానే, గంట రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఎక్కువసేపున్న అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. రాత్రి తీశాక పోపులో అన్నమంతా పొగలు కక్కేలా వేడెక్కనిచ్చి దించు. నిమ్మరసం దించాకే పిండు, పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. ఆవిడ చేతి వంట వృథా కాలేదని ఆవిడకీ సంతోషం. ఇంట్లో ఆ మాట పట్టింపు ఎంత పెద్దదో నీకు చెప్పక్కర్లేదు.

శుక్రవారం కంద బచ్చలి చెయ్యాలని నా కోరిక. మన గోదావరి జిల్లాల్లో పెళ్ళిపందిట్లో కంద బచ్చలి లేకపోతే విందులో ఏదో వెలితి. మీ గోడ మీద బచ్చలి తీగ అంతెత్తున పాకింది కదా, ఆకు, లేత కాడ రెండూ వాడు. కంద చెక్కేటప్పుడు చేతులకి నూనె రాసుకో. ముక్కలు ఉడికించేటప్పుడు కొంచెం చింతపండు నీళ్ళు పోస్తే గొంతు దురద ఉండదు. కంద, బచ్చలి మెత్తగా ఉడికాక కాస్త మెదిపి, పోపు పెట్టి దించు. ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు నీళ్ళతో మెత్తగా నూరిన ఆవముద్ద పూర్తిగా చల్లారాక కలపాలి. పొయ్యి మీద కలిపావంటే చేదు తప్ప ఘాటు మిగలదు. ముక్కుకి సుర్రుమని ఎక్కాలి, అప్పుడే అది ఆవ పెట్టిన కూర.

శనివారం రాత్రి మీ ఇంట్లో అన్నం తినరుగా, ఫలహారమే. వారానికని రుబ్బిన ఇడ్లీ పిండి అడుగున రెండు గరిటెలైనా ఉంటుంది. దానితో దిబ్బరొట్టె వెయ్యి. మందపాటి మూకుట్లో నూనె ధారాళంగా పోసి, కాగాక పిండి మందంగా పోసి, మూత పెట్టి, సెగ బాగా తగ్గించి వదిలెయ్యి. తొందరపడి మూత తీసి చూడకు. కింద ఎర్రగా కాలి చుట్టూ అంచు వదిలాక తిప్పి, రెండో వైపు మూత లేకుండా కాల్చు. పైన కరకరలాడుతూ లోపల దూదిలా ఉండాలి. పిల్లలకి బెల్లం పాకంతో పెట్టు, మీరు అల్లం పచ్చడి నంచుకోండి. ఆ రాత్రే ఫ్రిజ్‌లో ఒకటీ అరా మిగిలిన కూరగాయలన్నీ ఒక పళ్ళెంలోకి తీసి పెట్టుకున్నావంటే ఆదివారం దప్పళానికి సిద్ధం.

వారం మధ్యలో ఏ రోజైనా అలసిపోయావనుకో, పప్పుచారుతో, ఒక అప్పడంతో సరిపెట్టెయ్. దానికి నొచ్చుకోకు. పుల్లబడ్డ పెరుగు ఉంటే పారబోయకుండా ఆనపకాయ ముక్కలేసి మజ్జిగ పులుసు కాచు. నానబెట్టిన శనగపప్పు, పచ్చిమిర్చి, అల్లం నూరి కలిపితే విరగదు, మూత పెట్టకుండా సన్నసెగ మీద ఒక్క పొంగు రానిస్తే చాలు.

ఇంకొకటి. బీరపాదుకి మొదట్లో కాసిన మంచి కాయ ఒకటి కోయకుండా వదిలెయ్, ఎండి గింజలు గలగలలాడేదాకా. విత్తనాలు వచ్చే ఏడాదికి దాచుకో, లోపలి పీచు గిన్నెలు తోముకోవడానికి పనికొస్తుంది. మీ పెరట్లో కంద లేదు కదా, మీ పెదనాన్న గురువారం రాజమండ్రి వస్తున్నారు, ఒక దుంప పంపిస్తాను. కోసి నెల దాటింది, దురద తక్కువే ఉంటుంది. శుక్రవారం కూర ఎలా కుదిరిందో ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ