టాలీకి ఎక్స్‌ఎంఎల్ రాస్తున్న మేనల్లుడికి

విజయనగరం

చి. సత్యానికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు చూశాను. పలాసలో జీడిపప్పు షావుకారు దగ్గర చేరి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే ఎక్సెల్‌లో ఉన్న కొనుగోలు బిల్లుల్ని చేత్తో మళ్లీ టాలీలో, అదే మీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, కొట్టడం ఏటి అని నీకు అనిపించింది చూడు, అది నాకు నచ్చింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఎక్స్‌ఎంఎల్ ఫైలు (ప్రతి వివరాన్నీ పేరున్న ట్యాగుల మధ్య పెట్టి రాసే ఫైలు) తయారుచేసి టాలీలోకి ఇంపోర్ట్ చేయాలన్న ఆలోచన సరైనదే. రాసిన పద్ధతే మార్చాలి. ట్యాగులన్నీ కోట్స్‌లో పెట్టి, మధ్యలో ప్లస్ గుర్తుతో పేర్లూ మొత్తాలూ అతికిస్తున్నావు. నాలుగు బిల్లులతో చూసుకున్నావు కాబట్టి బాగానే ఉంది. జీడి పిక్కల సీజన్ మొదలై బిల్లులు గుట్టలుగా పడ్డాక ఆ స్క్రిప్టు నిలబడదు.

మొదట దెబ్బతీసేవి పార్టీ పేర్లే. మన వ్యాపారుల బోర్డుల మీద ఎక్కడ చూసినా ‘& సన్స్’, ‘& కో’, ‘& బ్రదర్స్’. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ & గుర్తుకి వేరే పని ఉంది. అది కనబడగానే చదివే ప్రోగ్రాం దాని వెనకాల ఒక సంకేతం వస్తుందని చూస్తుంది. ఖాళీ వచ్చిందంటే ఫైలు చెడిపోయిందని ఆగిపోతుంది. ఆ ఒక్క బిల్లు వదిలేసి మిగతావి తీసుకోవడం ఉండదు. 1998లో వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ వాళ్లు ఈ ప్రమాణాన్ని ఖరారు చేసినప్పుడే, తప్పున్న ఫైలుని ఊహించి చదవకూడదని నియమం పెట్టుకున్నారు. తప్పులున్న వెబ్ పేజీల్ని ఊహించి చదవడంతో పడ్డ అవస్థ చూసి అలా పెట్టారనుకుంటాను, మంచి పనే చేశారు. లెక్కల ఫైలుని ఊహించి చదివితే మన కొంప మునుగుతుంది.

రీప్లేస్ పెట్టి ఆ గుర్తు మార్చేశానన్నావు. ఆ లైన్లు మళ్లీ చూడు. ముందు < గుర్తుని మార్చి, తర్వాత & ని మార్చావు. < బదులు వేసే సంకేతం కూడా & తోనే మొదలవుతుంది. మొదటి మార్పులో అలా కొత్తగా పుట్టిన & ఉంది కదా, రెండో మార్పు దాన్ని కూడా పట్టుకుని మార్చేస్తోంది. వరస తిప్పితే సరిపోతుంది. అసలు ఆ లైన్లే వద్దంటాను. పైథాన్‌లో ఎక్స్‌ఎంఎల్ రాసిపెట్టే ఎలిమెంట్‌ట్రీ అనే భాగం ఉంది, 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచీ పైథాన్‌తోనే వస్తోంది, విడిగా దించుకోనక్కర్లేదు. ఎలిమెంట్ అని ఒక పెద్ద ట్యాగు పెట్టు, సబ్‌ఎలిమెంట్ అని దాని కింద పిల్ల ట్యాగులు పెట్టు, టెక్స్ట్‌లో పేరు ఉన్నది ఉన్నట్టు వెయ్యి. గుర్తుల మార్పూ, తెరిచిన ట్యాగుని మూయడమూ అదే చూసుకుంటుంది.

అది కూడా చూసుకోనిది ఒకటుంది. పీడీఎఫ్ నుంచో వర్డ్ నుంచో కాపీ చేసిన అడ్రసుల్లో కంటికి కనబడని కంట్రోల్ క్యారెక్టర్లు దూరుతుంటాయి. 32 కన్నా తక్కువ కోడ్ ఉన్నవాటిలో ట్యాబ్‌కీ, లైన్ మార్పుకీ వాడే 9, 10, 13 తప్ప ఇంకేదీ ఎక్స్‌ఎంఎల్ 1.0 ఒప్పుకోదు. ఎలిమెంట్‌ట్రీ వాటిని నోరెత్తకుండా రాసేస్తుంది, చదివేటప్పుడే గొడవ. అందుకని ఎక్సెల్ నుంచి వచ్చే ప్రతి గడినీ ముందు ఒక చిన్న ఫంక్షన్‌లో కడిగి ఆ తర్వాతే లోపలికి పంపు. పేర్ల చివర ఖాళీలు కూడా అక్కడే తీసెయ్. లెడ్జర్ (అంటే ఖాతా) పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే ఆ లెడ్జర్ లేదని టాలీ ఎర్రర్ ఇస్తుంది.

ఇంక ట్యాగుల సంగతి. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలు పట్టుకుని రాయకు. మీ షావుకారు టాలీలోనే ఒక కొనుగోలు వోచర్ (ఒక బిల్లు నమోదు) చేత్తో కొట్టి, దాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరువు. ఎన్వలప్‌లో బాడీ, దానిలో టాలీ మెసేజ్, దానిలో వోచర్, దానిలో లెడ్జర్ పద్దులు, అలా ఒకదానిలో ఒకటి ఉంటాయి. నీకు అక్కర్లేని ట్యాగులు బోలెడు కనబడతాయి, భయపడకు. ఒక్కొక్కటీ తీసేస్తూ ఇంపోర్ట్ చేసి చూస్తే ఏవి తప్పనిసరో నీకే తెలుస్తుంది. తేదీ 20250401 అన్నట్టు సంవత్సరం, నెల, రోజు గీతల్లేకుండా ఉంటుంది. లైసెన్స్ లేని ఎడ్యుకేషన్ మోడ్‌లో సాధన చేస్తే మాత్రం నెలలో 1, 2, 31 తేదీలే ఒప్పుకుంటుంది. అది తెలియక స్క్రిప్టే తప్పని తలపట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఆ నమూనాని పైథాన్‌తో చదివించబోతే ఒక తమాషా ఎదురవుతుంది. గ్రూపుల దగ్గర ‘ప్రైమరీ’ అన్న మాట ముందు టాలీ తనకోసం 4వ నంబరు కంట్రోల్ క్యారెక్టర్‌ని సంకేతంగా పెట్టుకుంటుంది. ప్రమాణం ప్రకారం అది చెల్లదు, పైథాన్ అక్కడే ఆగిపోతుంది. చదివే ముందు దాన్ని తీసెయ్యి. ఇంకోటి, టాలీలో యూనికోడ్ అని ఎంచుకుని తీసిన ఫైలు యూటీఎఫ్ 16 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాల్ని ఫైల్లో దాచే ఒక పద్ధతిలో, ఉంటుంది. నమూనా ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో నువ్వూ అందులోనే రాయి. ఎలిమెంట్‌ట్రీకి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే తెలుగు అక్షరాలన్నిటినీ నంబర్ల సంకేతాలుగా రాస్తుంది. తప్పు కాదు గానీ, తెరిచి చూస్తే రైతు పేరు ఒక్కటీ చదవలేవు.

రైతుల పేర్లంటే గుర్తొచ్చింది. మీ దగ్గర పాత లిస్టు డీటీపీ సెంటర్‌లో కొట్టించిందైతే అది అను ఫాంట్లలో ఉంటుంది. తెర మీద తెలుగులా కనబడుతుంది, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఎక్స్‌ఎంఎల్‌లోకి వెళ్తే అవే కనబడతాయి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో ఒకరు కూర్చుని చదవాలి. విసుగు పనే, తప్పదు.

డబ్బు దగ్గర జాగ్రత్త. టాలీ ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్ మొత్తానికి మైనస్ పడుతుంది, పక్కన ‘ఈజ్ డీమ్డ్ పాజిటివ్’ అన్న ట్యాగులో యస్ అని ఉంటుంది. మొత్తం మైనస్, ట్యాగు పేరు పాజిటివ్, ఈ తెలివి ఎవరిదో గానీ అలవాటు పడాల్సిందే. కొనుగోలు ఖాతాకి మైనస్, రైతు ఖాతాకి ప్లస్, రెండూ కలిపితే సున్నా రావాలి. స్క్రిప్టులో మొత్తాలకి ఫ్లోట్ అనే సంఖ్యల రకం వాడావు, అది మార్చు. పైథాన్‌ని 0.1కి 0.2 కలపమను, 0.3 అని నిక్కచ్చిగా చెప్పదు. పైసల్ని కచ్చితంగా లెక్కపెట్టే డెసిమల్ రకం వాడి, బస్తాకి 80 కిలోల చొప్పున బరువూ, దాని మీద ధరా లెక్కకట్టి, పైసలు ఒకేచోట సవరించు. సున్నా రాని వోచర్‌ని ఫైల్లోకి రానివ్వకు, ఆ బిల్లు నంబరు తెర మీద చూపించి పక్కన పెట్టమను.

షావుకారు కంపెనీలో నేరుగా ప్రయోగాలు చెయ్యకు. బ్యాకప్ తీసి, దాన్ని వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసుకుని అక్కడ ఇంపోర్ట్ చెయ్యి. అయ్యాక ఎన్ని క్రియేట్ అయ్యాయో, ఎన్ని ఎర్రర్లో టాలీ చెబుతుంది. ఆ లెక్కనీ ఎక్సెల్ వరసల లెక్కనీ పక్కపక్కన పెట్టు, మొత్తం రూపాయలు కూడా కలవాలి. అదే ఫైలు పొరపాటున రెండోసారి ఇంపోర్ట్ అయితే కొనుగోళ్లు రెట్టింపు అయిపోతాయి, స్టాకులో లేని పిక్కలు ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ఫైలు పేరులో తేదీ పెట్టు, ఎక్కించిన ఫైళ్లకి వేరే ఫోల్డర్ చెయ్యి, ఏ బిల్లు నంబర్లు వెళ్లాయో ఒక జాబితా స్క్రిప్టే రాసుకునేలా చూడు.

మార్చిన స్క్రిప్టుతో పాటు రెండు బిల్లుల నమూనా కూడా పంపు. అందులో ఒకటి ‘& సన్స్’ ఉన్నది, ఇంకోటి రైతు పేరు తెలుగులో ఉన్నది అయితే మంచిది. రైతుల ఫోన్ నంబర్లూ బ్యాంకు ఖాతాలూ తీసేసి పంపు, అవి నాకెందుకు? అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య