కల్పించిన కథతో మాట కలపకండి

“కొత్త అమ్మాయితో మాట కలపడానికి ఏదైనా కథ చెప్పి, మీరేమంటారు అని అడిగితే పనిచేస్తుందా?” అని ఒకరు నన్ను అడిగారు. మాట మొదలయ్యేంతవరకు పనిచేస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో నాకు జరిగింది చెబుతాను.

అమెరికాలో డేటింగ్ పాఠాలు చెప్పేవాళ్లు దీన్ని ఒపీనియన్ ఓపెనర్ అంటారు. “ఒక్క నిమిషమేనండి, ఫ్రెండ్స్ ఎదురుచూస్తున్నారు” అని మొదలుపెట్టి, స్నేహితుడికి వచ్చిన చిక్కు ఒకటి చెప్పి సలహా అడగాలి. ఆమెను పొగడరు, ఆమె సంగతేమీ అడగరు. విషయం మూడో మనిషిది కాబట్టి మొహమాటం లేకుండా జవాబు వచ్చేస్తుంది.

వీడియోల్లో ఇదంతా చూసి, ఒక సాయంత్రం వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ దగ్గర మురీ మిక్చర్ తింటున్న ఇద్దరు అమ్మాయిలను అడిగాను. “మా ఫ్రెండ్‌కి పెళ్లి కుదిరిందండి. పాత గర్ల్‌ఫ్రెండ్‌తో ఉన్న ఫొటోలన్నీ తీసేయమని కాబోయే భార్య అంటోంది. తీసేయాలంటారా?”

ఒకావిడ తినడం ఆపేసింది. వాళ్ల అక్క నిశ్చితార్థం అయ్యాక ఇలాంటి గొడవతోనే సంబంధం చెడిపోయిందట. ఇంట్లో ఎవరెవరు ఏడ్చారో కూడా చెప్పింది. తర్వాత “మీ ఫ్రెండ్ ఆ అమ్మాయికి పాత విషయం ముందే చెప్పాడా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చెప్పాడన్నాను, కాసేపటికి చెప్పలేదన్నాను. ఆవిడ చేతిలోని పొట్లం మడిచేసి, “అసలు ఆ ఫ్రెండ్ లేడు కదండీ” అంది. ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

దొరికిపోయినందుకు కాదు నా బాధ. నా అబద్ధాన్ని నమ్మి ఆవిడ తన ఇంటి కష్టం చెప్పుకుంది. అది ఈ రోజుకీ నన్ను వదల్లేదు.

అందుకే చెబుతున్నాను, జవాబు మీకు నిజంగా అవసరమైనదే అడగండి. మీ చిక్కు రెండు ముక్కల్లో చెప్పండి, మిగతా సమయం వినండి. పొద్దున్న బీచ్ రోడ్డులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవాళ్లను, చీకటి పడ్డాక బస్టాపులో ఒంటరిగా ఉన్నవాళ్లను అసలు ఆపకండి. ముక్తసరిగా “తెలీదండి” అన్నారంటే మాట్లాడాలని లేదనే అర్థం. థాంక్స్ చెప్పి పక్కకు వచ్చేయాలి, రెండో ప్రశ్న వద్దు.

ఆ తర్వాత కొన్ని నెలలకు చెల్లి సీమంతానికి చీర కొనడానికి జగదాంబ దగ్గర ఒక షాపుకి వెళ్లాను. ఆకుపచ్చ పట్టుచీర, ఆవపువ్వు రంగు వెంకటగిరి ముందు పెట్టుకుని అరగంట తేల్చుకోలేకపోయాను. పక్కన వాళ్లమ్మతో వచ్చిన ఒకావిడను అడిగాను. “ఎన్నో నెల?” అంది. ఏడు అన్నాను. “అయితే పట్టు వద్దండి, అంతసేపు కుర్చీలో కూర్చోవాలి, బరువు. గాజులు ఎలాగూ ఆకుపచ్చవే తొడుగుతారు, చీర కూడా అదే రంగు ఎందుకు?” అని వెంకటగిరి అంచు తిప్పి, జరీ గుచ్చుకుంటుందేమో తన ముంజేతికి రాసి చూసింది. వాళ్లమ్మగారు కూడా కలిశారు. పది నిమిషాలు ముగ్గురం హాయిగా మాట్లాడుకున్నాం. బిల్లు కట్టి వాళ్లు వెళ్లిపోయారు. నేను నంబర్ అడగలేదు, అడగాలనీ అనిపించలేదు.

చెల్లి ఆ చీర ఇప్పటికీ కడుతుంది. నా అంతట నేను అంత మంచి చీర ఎంచానంటే మాత్రం నమ్మదు.