మీరడిగారు: చెప్పింది చెప్పినట్టే

ప్రశ్న: మద్రాసులో చదువుకున్నానని తరచూ రాస్తుంటారు. మీతో చదివినవారిలో నలుగురి మెప్పు కోసం కాకుండా సేవ చేసినవారు ఎవరైనా ఉన్నారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఉన్నాడమ్మా. స్నేహితుడని చెప్పుకునే హక్కు మాత్రం నాకు లేదు, ముఖపరిచయమే. 1978లో ప్రెసిడెన్సీ కాలేజీలో నాది ఎకనామిక్స్, అతనిది చరిత్ర. విక్టోరియా హాస్టల్లో నాలుగు గదుల అవతల ఉండేవాడు. నెల్లూరు వైపు మనిషి. సాయంత్రం మేము మెరీనాలో సుండల్ పొట్లాలతో కూర్చుంటే, అతను వరండాలో చూపులేని విద్యార్థికి పాఠం చదివి వినిపించేవాడు. 'పురాణ కాలక్షేపం మొదలైంది' అని వెక్కిరించేవాళ్లం.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి, ధర మారితే కొనుగోలు ఎలా మారుతుందో చూపే గిరాకీ రేఖ (డిమాండ్ కర్వ్) ఎలా ఉంటుందో అడిగి తెలుసుకున్నాడు. మర్నాడు చూస్తే, అట్టముక్క మీద ఆ రేఖను పురికొసతో అంటించి, పక్కన ధరల మెట్లకు చింతగింజలు అతికించాడు. ఆ అబ్బాయి వేలితో తడుముతూ, "ధర దిగింది, కొనేది పెరిగింది" అని నవ్వాడు.

చూపులేనివాళ్లు జవాబులు చెబుతుంటే వాళ్ల పరీక్షలూ రాసిపెట్టేవాడు. ఒకసారి మెస్సులో సాంబారన్నం కలిపి అలాగే వదిలేశాడు. ఏమైందంటే, "మొదటి పానిపట్టు యుద్ధం 1556 అని చెప్పాడు. 1526 అని నాకు తెలుసు. చెప్పింది చెప్పినట్టే రాశాను" అన్నాడు. చరిత్ర విద్యార్థికి అంతకన్నా శిక్ష ఏముంటుంది?

ఒక పరీక్ష రాసిపెట్టడానికి నన్ను రమ్మన్నాడు. జలుబని చెప్పి సినిమాకు పోయాను.

తరవాత మద్రాసులోనే బ్యాంకులో గుమస్తాగా చేరాడు. ఆఫీసరైతే ఊళ్లు తిరగాలని ప్రమోషన్ వద్దన్నాడు. సెలవులన్నీ పరీక్షల కాలానికే దాచుకునేవాడట. పోయిన ఏడాది కాలం చేశాడు. పరామర్శకు వెళితే, అక్కడ చేతికర్రతో కూర్చున్న ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు నా గొంతు విని ఎవరని అడిగారు. చెప్పాను. "గిరాకీ రేఖ చెప్పింది మీరే కదా! పాపం, నా పరీక్షనాడు మీకు జలుబు చేసిందన్నాడు" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ప్రశ్న: నేను ఎమ్.ఏ. చదివాను. చూపులేని బి.ఏ. విద్యార్థికి పరీక్ష రాసిపెట్టవచ్చా?
– మరో పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి తానే తెచ్చుకునే లేఖకుడి (చెప్పింది రాసిపెట్టే మనిషి) చదువు అభ్యర్థి చదువుకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాల్సి ఉండేది; 2025లో ఆ నిబంధనలు మారాయి. ఎలా చూసినా మీకు కుదరదు; మీ ఇంట్లో ఇంటర్ పిల్లలుంటే, పరీక్ష పెట్టేవాళ్లను అడిగి పంపండి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తారు కనుక మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది, టిఫిను తినిపించి మరీ పంపండి. మీరు పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసి ఇవ్వవచ్చు. పేజీ మారినప్పుడల్లా దాని అంకె పైకి చెప్పండి, వినేవాళ్లు వెతుక్కోవడానికి అదే ఆధారం.