పాత చందమామలకు వెల కట్టే ముందు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో మీ తాతగారి ఇంటి అటక మీద దొరికిన ట్రంకుపెట్టె గురించి నీవు రాసిన ఉత్తరం అందింది. అమెరికాలో ఒక పాత కామిక్ 60 లక్షల డాలర్లు పలికిందని చదివి, పెట్టెలోని చందమామలకూ ఇంద్రజాల్ కామిక్స్‌కూ ఎంత రావచ్చునని అడిగావు. ధర సంగతి తరువాత చూద్దాం. ముందుగా నీవు వాటికి ఏ మరమ్మతూ చేయవద్దు. చిరుగులు అంటించడం గాని, తుప్పుపట్టిన పిన్నులు మార్చడం గాని తలపెట్టకు.

నీవు చదివిన ఆ పుస్తకం, సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక. అప్పట్లో దాని వెల 10 సెంట్లు. 2024లో 60 లక్షలు పలికిన ప్రతికి పదికి 8.5 గ్రేడు, అంటే పుస్తకం ఎంత బాగా ఉందో చెప్పే అంకె, ఉంది. 2014లో అంతకంటే మేలైన 9.0 గ్రేడు ప్రతి 32 లక్షలకే అమ్ముడుపోయింది. కనుక ఎవరైనా ఒక ధర చెప్పినప్పుడు, ఏ గ్రేడుకు, ఏ సంవత్సరంలో అని రెండు ప్రశ్నలూ అడగాలి. పైగా వేలం సంస్థలు ప్రకటించే మొత్తంలో కొన్నవారు సంస్థకు కట్టే రుసుము కూడా కలిసి ఉంటుంది; అదంతా అమ్మినవారి చేతికి రాదు.

అక్కడ సీజీసీ వంటి సంస్థలు 0.5 నుంచి 10 వరకు గ్రేడు వేసి, పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. వెలిసిన చోట రంగు అద్దినట్టో, అంచు కోసినట్టో తేలితే ఊదారంగు చీటీ వేస్తాయి. ఆ చీటీ పడిన పుస్తకానికి అదే అంకె ఉన్నా ధర బాగా తగ్గిపోతుంది. మన పుస్తకాలకు అంత తతంగం అక్కరలేదు గాని, ఆ కన్ను మాత్రం నీకు అలవడాలి.

మన ఇళ్లలో పిల్లల పుస్తకాలకు జరిగిన పెద్ద అపచారం, ప్రేమతో చేయించిన బైండింగే. ఏడాది సంచికలు పన్నెండూ బైండింగు షాపులో ఇస్తే, అతను అట్టలు చింపి పక్కన పెట్టి, వెన్నులో దారం కుట్టి, మూడు వైపులా అంచులు సమంగా కోసి ఇచ్చేవాడు. చదువుకోవడానికి అంతకు మించిన సుఖం లేదు. నేనూ అలాగే చదువుకున్నాను. కాని పోయిన ఆ అట్టల మీదే వడ్డాది పాపయ్యగారి బొమ్మలుండేవి! పర్లాకిమిడి పక్కనున్న శ్రీకాకుళంలో పుట్టిన ఆయన ‘వపా’ సంతకం కోసమే ఇప్పుడు సంచికలు వెతికేవారున్నారు. కాబట్టి నీ పెట్టెలో బైండు చేసినవీ విడివీ వేరు చేసి, విడివాటిలో అట్ట, నడిమి పేజీ ఉన్నవాటిని మళ్లీ వేరుగా పెట్టు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. నా దగ్గరున్న ఒక ఇంద్రజాల్ ఫాంటమ్ సంచిక వెన్ను చిరిగితే సెల్లో టేపు అంటించాను. కొన్నేళ్లకు టేపు ఎండి లేచిపోయింది గాని, దాని జిగురు గోధుమరంగు పట్టీలా కాగితంలోకి ఇంకి, అట్ట వెనుక వైపుకు కూడా దిగింది. కొనడానికి వచ్చిన ఆసామి పుస్తకం తెరవకుండానే, వెన్ను మీద వేలు పెట్టి, చెప్పిన ధరలో సగం తగ్గించాడు. చిరుగుతోనే వదిలేసి ఉంటే అంత తగ్గించేవాడు కాదు.

సంవత్సరం విషయంలో అమ్మేవారి మాట నమ్మకు. చందమామ 1947 జూలైలోనూ, ఇంద్రజాల్ 1964 మార్చిలోనూ మొదలయ్యాయి; వాటి మీద నెలా సంవత్సరమూ ఉంటాయి కనుక పేచీ తక్కువ. అమర్ చిత్ర కథలు మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి కనుక జాగ్రత్త కావాలి. 1970 నాటి తొలి ముద్రణ అని చూపించిన పుస్తకంలో ప్రచురణకర్తల చిరునామా చివర ఆరంకెల పిన్ కోడు ఉంటే, అది 1972 ఆగస్టు తరువాతిదే. పిన్ కోడులు వచ్చిందే అప్పుడు. పెట్టెలో ‘జహ్నమాము’ (ఒడియా చందమామ) సంచికలు కనబడితే మనకెందుకని పాత కాగితాలవాడికి వేయకు. ఇక్కడ వాటిని అడిగేవారున్నారు.

వానలు వెలిశాక వడియాలతో పాటు పుస్తకాలనూ డాబా మీద ఎండబెట్టడం మీ ఇంట్లో అలవాటు. అది మానిపించు. చవక కాగితం కొయ్యగుజ్జుతో చేసినది కనుక, ఎండ తగిలితే త్వరగా పసుపెక్కి పెళుసుబారుతుంది. నీడలో, గాలి ఆడేచోట, నేలకూ గోడకూ తగలకుండా ఉంచితే చాలు.

ధర తెలుసుకోవాలంటే అమ్మకానికి పెట్టినవారు అడిగే మొత్తాలు చూడకు. నిజంగా అమ్ముడైన మొత్తాలే చూడు. నీవు అమ్మేటప్పుడు మాత్రం చిరుగు, మరక, బాల్‌పెన్నుతో గీసిన మీసాలు, అన్నీ ముందే రాసి, పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటోలు తీసి పంపు. అట్ట ఉన్న విడి సంచికలు ఎన్ని తేలాయో లెక్క రాయి. వాటిలో వపా బొమ్మలున్నవాటి ఫొటోలు ముందుగా నాకు పంపు.

ఇట్లు,
మామయ్య