ఆరో అంకె దగ్గర

విజయవాడ,
గవర్నరుపేట.

అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన 'చరిత్రలో నవంబరు 19' అందింది. దస్తూరీ ముత్యాల్లా ఉంది. 1863లో లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం, 1917లో ఇందిరాగాంధీ పుట్టుక, 1969లో పీలే వెయ్యో గోలు, అదే రోజు అపోలో-12 చంద్రుడి మీద దిగడం, 1977లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌లో కాలు పెట్టడం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆరో అంకె దగ్గరే నాకు ఒళ్ళు మండింది. 'దివిసీమ ఉప్పెన, వేలాది మంది మృతి.' అంతే! పీలేకు మూడు లైన్లు ఇచ్చిన చేత్తో ఉప్పెనకు ఐదు మాటలా? ఆ గాలి మీ రేపల్లె వైపును కూడా వదలలేదు తల్లీ.

తేదీ కలిసినంత మాత్రాన సంఘటనలు చుట్టాలైపోవు. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే పోయారని ఏటా ఎవరో ఒకరు మురిసిపోతుంటారు. స్పెయిన్ అప్పటికే కొత్త క్యాలెండరుకు మారింది, ఇంగ్లండ్ పాతదాన్నే పట్టుకుని వేలాడుతోంది. ఆ రెండు ఇరవైమూడో తేదీలకూ మధ్య పది రోజుల తేడా. అంత దూరం ఎందుకు, మన ఇళ్ళలో తద్దినం తిథిని బట్టే కదా పెట్టేది? 1977లో ఆ ఉప్పెన వచ్చింది కార్తీకంలో. తిథి పాటించే ఇళ్ళలో పోయినవాళ్ళ రోజు ఒక ఏడు అక్టోబరులోనే వస్తుంది, ఇంకో ఏడు నవంబరు సగం దాటాక వస్తుంది. నవంబరు 19 అనేది మా పత్రికలవాళ్ళ లెక్క.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, బెజవాడలో ఓ పత్రికలో కొత్తగా చేరాను. నాలుగో రోజున లారీ ఎక్కి అవనిగడ్డ వెళ్ళాను, అక్కడి నుంచి నడక. తుమ్మచెట్లకు చీరలు, వలలు చిక్కుకుని ఉన్నాయి. ఒక పెద్దాయన బావిలో చేద వేసి, నీళ్ళు పుక్కిట పట్టి, ఉమ్మేసి, మళ్ళీ చేద వేస్తున్నాడు. ఎన్నిసార్లు తోడినా ఉప్పే.

"ఇంక మంచినీళ్ళు రావు తాతా" అన్నాను.

"అడుగున ఉంటాయేమో బాబూ" అన్నాడు.

తిరిగి వచ్చి ఆ బావి మీద మూడు పేజీలు రాశాను. మా ఎడిటరు ఎర్రసిరాతో అంతా కొట్టేసి, 'తాగునీటికి కటకట' అని శీర్షిక పెట్టి రెండు లైన్లు మిగిల్చాడు. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం ఇంకా పోలేదు. ఆయన శిష్యులే ఇవాళ నీలాంటి పిల్లల చేత రోజుకో డజను సంఘటనలు ఏరిస్తున్నారు, బియ్యంలో రాళ్ళు ఏరించినట్టు.

ఒక్కదాన్ని పట్టుకో. ఆ రోజు గాలి ఎప్పుడు తిరిగింది, ఇంట్లో దీపం ఎప్పుడు ఆరింది, ఎవరు ఏ తాటిచెట్టును కరుచుకున్నారు, ఇవి కావాలి నాకు. నెహ్రూ బస్‌స్టేషన్‌లో అవనిగడ్డ బస్సు ఎక్కు. అక్కడి పెద్దవాళ్ళను తేదీలు అడగకు. "ఉప్పెనప్పటికి మీ పెద్దబ్బాయికి ఎన్నేళ్ళు?" అని అడుగు. తర్వాత నువ్వు నోరు తెరవాల్సిన పని ఉండదు.

పుస్తకంగా వేస్తే ఎవరు కొంటారని అడిగావు, ముందుమాట కూడా అడిగావు. అవి తర్వాత చూద్దాం.

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. ఆరోది ఉంచి మిగతా ఐదూ ఎర్రసిరాతో కొట్టేశాను. ఏమీ అనుకోకు, ఇంట్లో వేరే కలం దొరకలేదు.