పెట్టె పోయినా లెక్క మిగలాలి

ప్రశ్న: తిరుగుబాటు దాడులతో ఊళ్లు ఖాళీ అయ్యేచోట పేదలు ప్రతిసారీ మొదటికే వస్తున్నారు. ఎలా నిలబడతారు?

జవాబు: నన్నడిగితే ముందు పొదుపు సంఘం. 1991లో పశ్చిమ ఆఫ్రికా దేశం నైజర్‌లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి నాకు చాలా ఇష్టం. పాతిక మంది ఆడవాళ్లు, ఒక పెట్టె, మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురి దగ్గర. వారం వారం దాచుకుంటారు, అందులోంచే అప్పు తీసుకుంటారు. చదువురాని చోట సమావేశం చివర మిగులెంతో అందరూ పైకి చెప్పి గుర్తుపెట్టుకుంటారు. పారిపోయేటప్పుడు పుస్తకం పోయినా లెక్క పోదు! అయితే దోపిడీ భయం ఉన్నచోట పెట్టెలో డబ్బు పేరుకోనివ్వకండి. అప్పులుగా తిరగనివ్వండి. ఇక ఊరికి తిరిగొచ్చిన రైతులకు చేసే సాయంలో ఎరువులు, పనిముట్లు తర్వాత ఇవ్వొచ్చు. విత్తనాలు మాత్రం విత్తే అదను దాటకముందే అందాలి, ఆలస్యమైతే ఆ ఏడాది పంట పోయినట్టే.