అమ్మలూ, ఆ ఫైళ్లు తీసేసే ముందు ఇది చదువు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ కంప్యూటర్లో సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోందట. దాచి ఉన్న ఫైళ్లన్నీ నువ్వే పైకి తెప్పించి చూశావట. పేరు తెలియనివన్నీ ఆదివారం కూర్చుని తీసేస్తానన్నావట. ఎవరినీ పిలవకుండా అంతవరకు వెళ్లావని విని చాలా గర్వపడ్డాను. తర్వాత ఎంతకీ నిద్ర పట్టలేదు.

ఇప్పటికే ఏదైనా తీసేసి ఉంటే కంప్యూటర్ ఆపకు, రీస్టార్ట్ కూడా చెయ్యకు. రీసైకిల్ బిన్ తెరిచి, రీస్టోర్ నొక్కి, దాన్ని ఎక్కడిదక్కడ పెట్టు. మిగతాది ఆ తర్వాత చదువుదువుగాని.

పేజ్‌ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే జాగా, దాన్ని ముట్టుకోకు. హైబర్‌ఫిల్ అన్నది హైబర్నేట్ కోసం, అంటే తెరిచి ఉన్న పనంతా డిస్కు మీద దాచి కంప్యూటర్ ఆపడం కోసం. 16 జీబీ ర్యామ్ ఉంటే అదే ఆరు జీబీ దాకా ఉండొచ్చు. అక్కర్లేదనుకుంటే పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేట్ ఆపెయ్యి, ఆ ఫైలును విండోసే తీసేస్తుంది. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ సైజు చూసి కంగారుపడి ఉంటావు. అందులోవి చాలావరకు విండోస్ ముఖ్య ఫోల్డరైన సిస్టమ్32లో ఉన్న ఫైళ్లే, ఒకే ఫైలు రెండు చోట్లా లెక్కకొస్తుంది. విండోస్ డాట్ ఓల్డ్ అంటే పెద్ద అప్‌డేట్‌కు ముందున్న పాత విండోస్, మామూలుగా 10 రోజులకు దానంతట అదే పోతుంది. అసలు సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లి టెంపరరీ ఫైల్స్ తీసేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది, చూసుకోకుండా దానికి టిక్ పెట్టకు.

ఇక నా సంగతి. ఇన్నేళ్లలో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

2002లో అందరికీ ఒక మెయిల్ వచ్చేది. ‘మీ కంప్యూటర్లో ఎలుగుబంటి బొమ్మతో ఒక ఫైలు ఉంది, అది వైరస్, వెంటనే తీసెయ్యండి, తెలిసినవాళ్లందరికీ చెప్పండి’ అని. వెతికితే నిజంగానే ఉంది, బూడిదరంగు ఎలుగుబంటి. తీసేశాను, నలుగురికి పంపాను కూడా. అది వైరస్ కాదు, జావా ప్రోగ్రాములు రాసేవాళ్లకు విండోస్‌తో వచ్చే పనిముట్టు. నాకు దాంతో పనిలేదు కాబట్టి ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే నా కొంప ముంచింది. తెలియని ఫైలు తీసేస్తే ఏం కాదన్న ధైర్యం వచ్చేసింది.

2005లో నువ్వు పుట్టావు. అప్పుడు నా దగ్గర విండోస్ ఎక్స్‌పీ ఉండేది. ఒక సాయంత్రం నీలాగే డిస్కు శుభ్రం చేద్దామని కూర్చున్నాను. సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ తీయబోతే ‘ఇవి తీసేస్తే కంప్యూటర్ పనిచెయ్యకపోవచ్చు’ అని అడిగింది. ఎస్ నొక్కాను. సీ డ్రైవ్‌లో ఎన్‌టీఎల్‌డీఆర్ అని ఒక ఫైలు కనబడింది. దానికి ఎక్స్‌టెన్షన్ లేదు, బొమ్మ లేదు, సైజు 250 కేబీ. తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఆ రాత్రంతా కంప్యూటర్ చక్కగా నడిచింది. ఎందుకు నడవదు? విండోస్‌ను లేపి నిలబెట్టే ఫైలు అది. లేచి తిరుగుతున్న విండోస్‌కు దాంతో పనేముంది?

తెల్లారి ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అన్న ఒక్క లైను. టెన్షన్‌తో బాగుచేసే అతన్ని పిలిపించాను. అతను ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేశాడు. గంటన్నరలో పని అయిపోయింది. డ్రైవ్ ఖాళీ, నా మనసూ ఖాళీ. అందులో నీ మొదటి నెల ఫొటోలున్నాయి. మీ తాతయ్య నిన్ను ఒళ్లో వేసుకుని జోలపాట పాడుతుంటే మైకు పెట్టి నేను రికార్డు చేసింది ఉంది. తాతయ్య గొంతు ఇంకెక్కడా లేదమ్మా. ఆయన ఎలా పాడేవారని నువ్వు అడిగినప్పుడల్లా నేను మాట మార్చింది అందుకే.

ఎక్స్‌పీ సీడీలో ఆ ఫైలు ఉంటుందని, ఆ సీడీతో తెరుచుకునే మరమ్మతు తెర రికవరీ కన్సోల్‌లోంచి దాన్ని కాపీ చేస్తే సరిపోయేదని తర్వాత తెలిసింది. సీడీ నా సొరుగులోనే ఉంది. నా డేటా ఏమవుతుందని నేను అడగలేదు. ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయని ఆ బాగుచేసినతనూ చెప్పలేదు.

ఇప్పటి విండోస్ నాకు దొరికినట్టు నీకు తేలిగ్గా దొరకదులే. విండోస్‌ను లేపే ఫైళ్లు మామూలుగా 100 ఎంబీ చిన్న పార్టిషన్‌లో, అంటే డిస్కులో విడిగా కేటాయించిన భాగంలో, డ్రైవ్ అక్షరం కూడా లేకుండా ఉంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది కనబడితే వృథాగా పడి ఉందనుకుని తీసెయ్యకు. ఏదైనా ఫైలుకు ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ (విండోస్ ఫైళ్లకు సొంత కావలిదారు) అనుమతి కావాలని అడిగితే అక్కడే ఆగు. ఆ తాళం ఎలా బద్దలుకొట్టాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి, చూడకు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

వైరస్ అని భయమైతే పేరొక్కటే చూసి తేల్చకు. విండోస్ లోపలి పనులను నడిపే ఎస్‌వీసీహోస్ట్ అసలైనది సిస్టమ్32లో ఉంటుంది, ఒక అక్షరం అటూఇటూ చేసి వేరే ఫోల్డర్లో కూర్చునే దొంగవి ఉంటాయి. ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ ఉందేమో చూడు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ చెయ్యి, తీసెయ్యాల్సింది ఉంటే అదే తీస్తుంది.

ఇవన్నీ తర్వాత. ఆదివారం ముందుగా నీ ఫొటోలు, చదువు కాగితాలు, అమ్మ నీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. కాపీ అయ్యాక ఆ డ్రైవ్ నుంచే రెండు మూడు తెరిచి చూడు, తెరుచుకుంటేనే కాపీ అయినట్టు. ఆ డ్రైవ్ తీసి పక్కన పెట్టాక నాకు ఫోన్ చెయ్యి, ఒక్కో పేరు చదువుతూ కలిసి చూద్దాం. అప్పటిదాకా ఆ ఫైళ్లను దాచే టిక్ మళ్లీ పెట్టెయ్యి తల్లీ.

మీ పెదనాన్న